హెడ్‌లైట్ వేయకుండానే ఫాగ్ లైట్లు వెలగాలంటే

లంబసింగి ఘాట్‌లో తెల్లవారుజామున హెడ్‌లైట్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడే. కింద ఉండే ఫాగ్ లైట్లు మాత్రమే వెలిగితే రోడ్డు అంచు దొరుకుతుంది. చాలా పికప్‌లలో అవి విడిగా వెలగవు, ఎందుకంటే ఫాగ్ లైట్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) లోని కాయిల్‌కి కరెంటు హెడ్‌లైట్ సర్క్యూట్ నుంచే వస్తుంది. మార్చాల్సింది ఆ ఒక్క వైరునే.

రిలే పీకి, టెస్ట్ ల్యాంపు క్లిప్పు ఎర్త్‌కి తగిలించి, మొనను సాకెట్‌లో ఒక్కో పిన్నుకీ ఆనించండి. ఫాగ్ స్విచ్ ఆన్‌లోనే ఉంచి హెడ్‌లైట్ వేసి, తీసి చూడండి. హెడ్‌లైట్‌తోపాటు ల్యాంపు వెలిగి ఆరే పిన్నే మనకు కావాల్సింది, మామూలుగా 86 (కాయిల్ రెండు చివరలు 85, 86). ఫాగ్ స్విచ్ ఎర్త్ వైపు, అంటే 85 మీద ఉంటే 86 వైరు కోసేయొచ్చు. ప్లస్ వైపు ఉంటే మాత్రం స్విచ్‌లోకి వచ్చే వైరు మార్చాలి, లేదంటే స్విచ్ ఉత్తదైపోతుంది.

కొత్త ఫీడ్, అంటే పాత వైరు బదులు కాయిల్‌కి వచ్చే కరెంటు, పార్కింగ్ లైట్ నుంచి తీసుకోవడం నా లెక్కలో మేలు: వెనక లైట్లు తప్పనిసరిగా వెలుగుతాయి, మంచులో వెనక వచ్చే లారీకి బండి కనిపిస్తుంది. కాయిల్ తాగేది 0.2 ఆంప్స్ లోపే, 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. ఈ కాయిల్ వైరును నేరుగా బ్యాటరీకి మాత్రం కలపకండి. రెండు 55 వాట్ల బల్బులు 9 ఆంప్స్ లాగుతాయి, ఆపడం మర్చిపోతే పొద్దున సెల్ఫ్ కొట్టదు.

లైట్లను కంప్యూటరే నడిపే కొత్త బండైతే ఏ వైరూ కోయొద్దు. వేరే 4 పిన్నుల రిలే పెట్టి, బల్బుల కరెంటుకి బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంప్స్ ఫ్యూజు వేయండి. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకాకే బిగించండి. మసక వెలుగుకి చాలాసార్లు కారణం ఆ పెయింటే.