క్యామ్‌కార్డర్ పెళ్లి వీడియోలను ఎంపీ4లోకి మార్చేటప్పుడు

2008 తరువాత అయిదారేళ్ల పాటు మా కుటుంబంలో జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు దాదాపు అన్నీ అమెరికా నుంచి సెలవులకు వచ్చిన బావగారో, ఇక్కడే ఉన్న బాబాయిగారో తెచ్చిన చిన్న హెచ్‌డీ క్యామ్‌కార్డర్లలో రికార్డయ్యాయి. ఆ వీడియోలను ఫోన్‌లో చూసుకునేలా మార్చి ఇమ్మని ఇప్పుడు బంధువులు అడుగుతుంటారు. ఉచితంగా దొరికే ఏదో ఒక కన్వర్టర్‌లో ఫైళ్లన్నీ పడేసి, వచ్చినదాన్ని పంచిపెట్టి, మెమరీ కార్డును ఖాళీ చేయడమే చాలామంది చేసే పని. ఆ తొందరలో పోయేది తిరిగి రాదు కనుక, నేను అనుసరించే పద్ధతిని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ క్యామ్‌కార్డర్లలో ఎక్కువ భాగం వాడే పద్ధతి ఏవీసీహెచ్‌డీ. సోనీ, పానాసోనిక్ సంస్థలు 2006లో దీన్ని ప్రవేశపెట్టాయి. ఇందులో బొమ్మ హెచ్.264 పద్ధతిలో, శబ్దం సాధారణంగా డాల్బీ ఏసీ-3 పద్ధతిలో కుదించి ఉంటాయి. ఈ రెండూ కలిసి ఎంటీఎస్ అనే పేరుతో ముగిసే ఫైలుగా కార్డు మీద కూర్చుంటాయి. కార్డును కంప్యూటర్‌లో తెరిస్తే ప్రైవేట్, దానిలో ఏవీసీహెచ్‌డీ, దానిలో బీడీఎంవీ, దానిలో స్ట్రీమ్ అంటూ ఫోల్డర్లు ఒకదానిలో ఒకటి కనిపిస్తాయి. వీడియో ఫైళ్లు చివరిదైన స్ట్రీమ్‌లో ఉంటాయి, వాటికి 00000, 00001 వంటి అంకెలే పేర్లు. మ్యాక్ కంప్యూటర్‌లో అయితే ఏవీసీహెచ్‌డీ ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలులా కనబడుతుంది కాబట్టి, కుడి క్లిక్ చేసి లోపలి వస్తువులను చూపమని అడగాలి. ఎంటీఎస్ ఫైళ్లను మాత్రమే ఏరుకుని మిగిలినవి అనవసరమని వదిలేయడం సరికాదు. ఏ ముక్క తరువాత ఏ ముక్క వస్తుందో చెప్పే సమాచారం పక్కనున్న చిన్న ఫైళ్లలోనే ఉంటుంది కాబట్టి, కార్డులో ఉన్నదంతా ఉన్న అమరికతోనే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవాలి. మార్పులేవైనా ఆ తరువాతే.

ముక్కల సంగతి ఇంకొంచెం చెప్పాలి. కార్డుల మీద ఉండే ఫ్యాట్32 పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి మించకూడదు. కెమెరాను బట్టి 2 జీబీ దగ్గరో 4 జీబీ దగ్గరో ఫైలు తెగి, రికార్డింగు ఆగకుండానే తరువాతి ఫైలులోకి సాగిపోతుంది. పెళ్లి తంతును ఆపకుండా తీస్తే, ఆ కోత జీలకర్ర-బెల్లం దగ్గర పడుతుందో మంగళసూత్రధారణ దగ్గర పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఈ ముక్కలను వేరువేరుగా ఎంపీ4లోకి మార్చి, ఆపైన అతికిస్తే అతుకు దగ్గర శబ్దం ఒక్క క్షణం తెగుతుంది, కొన్ని ఫ్రేమ్‌లు కూడా పోవచ్చు. గట్టిమేళం మధ్యలో డోలు ఒక దెబ్బ మింగినట్టు వినిపించడానికి సాధారణంగా ఇదే కారణం. అందువల్ల ఒకే షాట్‌కు చెందిన ముక్కలను ముందుగా కలిపి, ఆ తరువాతే మార్చాలి. కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంటే అది ఈ పనిని సక్రమంగా చేస్తుంది. లేకపోతే ముక్కలను బైనరీ పద్ధతిలో, అంటే లోపలి డేటాను విప్పకుండా ఉన్నదున్నట్టుగా, ఒకదాని వెనుక ఒకటి చేర్చినా చాలు, ఎందుకంటే కెమెరా చేసింది నిండు ప్రవాహాన్ని మధ్యలో కోయడమే.

ఇక మార్చడం. ఈ మాట కింద నిజానికి రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. లోపలి బొమ్మను ముట్టుకోకుండా పై డబ్బాను మాత్రమే మార్చడం మొదటిది. ఎంటీఎస్‌లో ఉన్న హెచ్.264 బొమ్మ ఎంపీ4లో కూడా అలాగే ఇముడుతుంది కాబట్టి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ఉచిత సాధనంతో బొమ్మను యథాతథంగా కాపీ చేసి, శబ్దాన్ని మాత్రం ఏఏసీ అనే మరో కుదింపు పద్ధతిలోకి మార్చవచ్చు. ఏసీ-3 శబ్దాన్ని కొన్ని ఫోన్లు పలికించవు, అందుకే ఆ చిన్న మార్పు. గంట నిడివి వీడియోకు కూడా ఈ పని కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, బొమ్మ నాణ్యత వీసమెత్తు తగ్గదు. బొమ్మను పూర్తిగా విప్పి మళ్లీ కుదించడం రెండో పని. దీనికి గంటలు పడుతుంది, ప్రతిసారీ ఎంతో కొంత నష్టం తప్పదు. చాలా కన్వర్టర్లు మొదటిది చాలిన చోట కూడా అడగకుండా రెండోదే చేస్తాయి. అయితే రెండో పని నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది, అదే ఇంటర్లేస్.

ఆ కాలపు క్యామ్‌కార్డర్లు ఎక్కువగా 1080ఐ పద్ధతిలో తీసేవి, అందులోని ఐ ఇంటర్లేస్‌కు గుర్తు. మన దేశంలో అమ్మిన కెమెరాలలో సెకనుకు 25 ఫ్రేమ్‌లు, ఒక్కో ఫ్రేమ్‌లో రెండు ఫీల్డులు ఉంటాయి. ఒక ఫీల్డులో బేసి వరుసలు, మరో ఫీల్డులో సరి వరుసలు. ఈ రెండూ ఒకే క్షణానివి కావు, వాటి మధ్య సెకనులో 50వ వంతు తేడా ఉంటుంది. పురోహితుడు కదలకుండా కూర్చుని మంత్రం చదువుతున్నంతసేపూ తేడా కనబడదు. తలంబ్రాల దగ్గరకు వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. వధువు దోసిలి నుంచి జారిన పసుపు బియ్యపు గింజ ఒక ఫీల్డులో ఒక చోట, తరువాతి ఫీల్డులో దానికి కొంచెం కింద ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి ఒకే బొమ్మగా చూపిస్తే గింజ అడ్డంగా చీలికలు పడి, దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. టీవీ ఈ రెండు ఫీల్డులను తనంతట తానే విడదీసి చూపుతుంది, చాలా ఫోన్లు ఆ పని చేయవు.

ఈ చీలికలను పోగొట్టడాన్నే డీఇంటర్లేస్ అంటారు. దాన్ని చవకగా చేసే మార్గాలు రెండున్నాయి, రెండూ నాకు నచ్చవు. ఒకటి, ప్రతి ఫ్రేమ్‌లోనూ ఒక ఫీల్డును పారేయడం. అప్పుడు నిలువున 1080 వరుసలకు 540 వరుసల సమాచారమే మిగులుతుంది, కదలికలోని నునుపు సగం పోతుంది. రెండోది, రెండు ఫీల్డులను కలగలిపి మసకబార్చడం. అప్పుడు ప్రతి గింజకూ ఒక నీడ గింజ తోడవుతుంది. సరైన మార్గం, ఒక్కో ఫీల్డు నుంచి ఒక్కో పూర్తి ఫ్రేమ్‌ను నిర్మించి, సెకనుకు 25కు బదులుగా 50 ఫ్రేమ్‌లు తీసుకోవడం. లేని వరుసలను పక్క వరుసలనూ ముందు వెనుక ఫీల్డులనూ చూసి పూరిస్తారు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్లేస్ కింద బాబ్ అనే ఎంపిక ఇందుకే ఉంది. ఫ్రేమ్ రేటును కూడా 50గా ఎంచుకోవాలి, అక్కడ 25 ఉండిపోతే కష్టపడి నిర్మించిన ఫ్రేమ్‌లలో సగం చివరి మెట్టులో రాలిపోతాయి. కొన్ని సాధనాలు ఏ ఫీల్డు ముందు అని అడుగుతాయి. ఏవీసీహెచ్‌డీలో పై ఫీల్డు ముందు వస్తుంది. తారుమారు చేస్తే కదిలే ప్రతి వస్తువూ ముందుకూ వెనక్కూ వణుకుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసిపోతుంది.

నాణ్యత విషయంలో నేను బిట్‌రేట్‌ను, అంటే సెకను వీడియోకు వాడే డేటా పరిమాణాన్ని, ముందుగా బిగించను. హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్‌ఎఫ్ అనే అంకె ఉంటుంది, అది తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. హెచ్.264కు 18 నుంచి 20 మధ్య పెడితే ప్రశాంతమైన దృశ్యాలకు తక్కువ స్థలం, తలంబ్రాల వంటి అల్లరి దృశ్యాలకు ఎక్కువ స్థలం సాఫ్ట్‌వేరే కేటాయించుకుంటుంది. సెకనుకు ఇన్ని మెగాబిట్లేనని తక్కువలో బిగిస్తే, వందల గింజలు ఒకేసారి గాలిలో ఉన్నప్పుడు బొమ్మ చదరపు గళ్లుగా విరిగిపోతుంది. కెమెరా గరిష్ఠ నాణ్యతలో సెకనుకు 24 మెగాబిట్లు రాసేది, అంటే గంటకు సుమారు 10.8 జీబీ. అంత పెద్దవాటిని ఎందుకు దాచడమని అడిగేవారికి నా సమాధానం, ఇప్పటి హార్డ్‌డిస్కుల్లో అది ఏమంత స్థలం కాదని. మార్చిన ఫైలు పంచుకోవడానికి, అసలు ఫైలు దాచుకోవడానికి. 4కేలోకి పెంచి ఇస్తామనే ప్రకటనలను నేను పట్టించుకోను.

కొన్ని కెమెరాలు 1920కి బదులు 1440 అడ్డు పిక్సెళ్లతో రాసేవి, ఆ పిక్సెళ్లు చతురస్రాలు కావు. మార్చేటప్పుడు 16:9 నిష్పత్తి నిలిచిందో లేదో చూసుకోకపోతే పెళ్లివారందరూ సన్నబడి పొడుగవుతారు. మినీ డీవీ టేపుల మీద రాసే హెచ్‌డీవీ కెమెరాలూ ఇదే 1440 వాడతాయి. అందులో కుదింపు ఎంపెగ్-2, వాటిని ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్‌లోకి, టేపు నడిచే అసలు వేగంలోనే దించుకోవాలి. నడిచే కెమెరా చేతిలో ఉండగానే ఆ పని ముగించుకోవడం మంచిది.

అమెరికాలో కొన్న కెమెరాతో ఇక్కడ తీసిన వీడియోలది వేరే బాధ. అవి సెకనుకు దాదాపు 60 ఫీల్డులు తీస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కల్యాణ మండపంలోని పాతకాలపు చోకు ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి కనబడని ఆ మినుకు, 60తో పొసగక, వీడియోలో వెలుతురు దడదడలాడినట్టు కనిపిస్తుంది. షూటింగ్ సమయంలో షట్టర్ వేగాన్ని సెకనులో 100వ వంతుకు మార్చి ఉంటే తగ్గేది. ఇప్పుడు ఫార్మాట్ మార్పుతో అది పోదు. అలాంటి వీడియోను 50లోకి లాగితే దడకు తోడు కుదుపు కూడా చేరుతుంది. అందుకే 60ని 60గానే ఉంచుతాను. ఇప్పటి టీవీలు, ఫోన్లు రెండింటినీ చూపిస్తాయి.

చివరగా తేదీలు. ఏవీసీహెచ్‌డీలో రికార్డింగు తేదీ, సమయం వీడియో ప్రవాహంలోనే దాగి ఉంటాయి. మార్చిన ఎంపీ4లోకి అవి సాధారణంగా రావు, ఫైలు తేదీ మార్చిన రోజుదే పడుతుంది, ఫోన్ గ్యాలరీలో పాత పెళ్లి నిన్నటి విందు పక్కన చేరుతుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాధనం ఎంటీఎస్ లోపలి తేదీని చదవగలదు, దాన్ని తీసి కొత్త ఫైలులో రాసుకోవచ్చు. రాసే ముందు కెమెరా గడియారం ఏ దేశపు సమయం చెబుతోందో చూసుకోవాలి. న్యూజెర్సీ వేసవి సమయంలోనే వదిలేసిన కెమెరాలో రాత్రి 9:30 ముహూర్తం మధ్యాహ్నం 12:00 అని నమోదవుతుంది. ఆ తొమ్మిదిన్నర గంటలనూ ఎగ్జిఫ్‌టూల్‌తోనే అన్ని ఫైళ్లకూ ఒకేసారి కలపవచ్చు.