ఆడిట్ అయింది, తప్పు మాత్రం మా మీదే రాశారు

నిన్ననే రిపోర్టు వచ్చింది. విజయనగరం మయూరి జంక్షన్ దగ్గర మాది చిన్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఆఫీసు. హైదరాబాద్ కంపెనీ ఒకటి జర్మనీ క్లయింటు నుంచి పని తెచ్చి మాకిస్తుంది. జర్మనీలో 2023 నుంచి సప్లై చెయిన్ చట్టం అమల్లో ఉంది. 2024 నుంచి అక్కడ వెయ్యిమంది ఉద్యోగులున్న కంపెనీలూ దాని కిందికొచ్చాయి. తమకు పనిచేసిపెట్టేవాళ్లకు అన్యాయం జరగట్లేదని వాళ్లు చూసుకోవాలి. అందుకే ఈ ఆడిట్.

పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు ఒక్కపూటలో ఇచ్చేశాం. మొదటి నెల నుంచీ ఎగ్గొట్టకుండా కట్టాం, ఆ మాట గట్టిగా చెప్పుకుంటాను. కరెంటు బిల్లు ఇంటి ఓనరు పేరున ఉంది కాబట్టి సబ్‌మీటర్ రీడింగుల ఫోటోలు పెట్టాం. ఇలాంటి ఆడిట్ మీకూ రావచ్చు, జనరేటర్ డీజిల్ రసీదులు దాచుకోండి. లీటరుకు దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున లెక్కేస్తారు. పాత యూపీఎస్ బ్యాటరీలు డీలరుకే తిరిగిచ్చి రసీదు తీసుకోండి.

అసలు అవమానం చివరి వీడియో మీటింగులో జరిగింది. అందరూ వింటుండగా ఆడిటర్ మేడమ్, "ఆడపిల్లల్ని రాత్రి పదకొండు దాకా ఎందుకు కూర్చోబెడుతున్నారు?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. జర్మనీలో సాయంత్రం 5 అంటే వేసవిలో మనకు రాత్రి 8.30, చలికాలంలో 9.30. వాళ్లు ఇంటికెళ్తూ బిల్డ్ (మేం టెస్ట్ చేయాల్సిన కొత్త సాఫ్ట్‌వేర్) పంపి, పొద్దున్నకల్లా రిజల్ట్ కావాలంటారు. గజపతినగరం నుంచి వచ్చే మా ఆఫీసు అమ్మాయే, "సార్ కూర్చోబెట్టడం లేదు మేడమ్, పనే ఆ టైముకి వస్తుంది" అంది. క్లయింటు టైమింగులు ఈ ఆడిట్ పరిధిలోకి రావన్నారు మేడమ్. హైదరాబాద్ వాళ్లు అదే మీటింగులో ఉండీ నోరు మెదపలేదు. మధ్యలో వాటా తీసుకునేవాళ్లకు ఒక్క ప్రశ్న లేదు, అన్ని ప్రశ్నలూ మాకే!

ఆ రాత్రి చట్టం ఇంగ్లీషు అనువాదం తీసి చదివాను. కొనుగోలు పద్ధతులు, అంటే బయటివాళ్లతో పని చేయించుకునే తీరు కూడా సరిచేసుకోవాలని ఆరో సెక్షన్‌లో ఆ జర్మనీ కంపెనీకే చెప్పారు. రాత్రి వచ్చిన బిల్డ్ మెయిళ్లన్నీ టైముతో సహా జతచేసి, ఆ సెక్షన్ చూపిస్తూ నేరుగా క్లయింటుకే రాశాను. హైదరాబాద్ వాళ్లకు కోపం వచ్చింది, రానీ.

రిపోర్టులో "అధిక పని గంటలు" అన్న మచ్చ మా పేరు మీదే ఉంది. కానీ ఈ వారం నుంచి బిల్డ్ మనకు మధ్యాహ్నం రెండింటికి వస్తోంది. పిల్లలు వెలుతురుండగానే బస్సెక్కుతున్నారు. మచ్చ తీసేయమని మళ్లీ రాశాను, జవాబు రావాలి.