స్టేషన్ సీనులో బొమ్మలు

ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ చాటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. అమెరికా అంతర్యుద్ధం రోజుల కథతో వచ్చిన పాత హాలీవుడ్ సినిమా ‘గాన్ విత్ ద విండ్’ ఎలా తీశారో చెబుతూ 1988లో వచ్చిన డాక్యుమెంటరీ పెట్టాను. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు, అందుకని పక్కనే కూర్చుని చెబుతూ వచ్చాను.

అట్లాంటా నగరం తగలబడే సీను 1938 డిసెంబర్ 10 రాత్రి తీశారు. స్టూడియో వెనక పడి ఉన్న పాత సెట్లకే నిప్పు పెట్టారు. ‘కింగ్ కాంగ్’లో వాడిన పెద్ద గోడ కూడా అందులో పోయింది. రంగుల్లో తీసే టెక్నికలర్ కెమెరాలు ఏడు అక్కడ పెట్టారు. హీరోయిన్ మాత్రం ఇంకా ఖాయం కాలేదు! బండిలో కూర్చున్నది డూపులు. నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ దగ్గరికి వాళ్ళన్న మైరన్, నటి వివియన్ లీని తీసుకొచ్చింది ఆ రాత్రే.

"ఆ పిల్ల కూడా నచ్చకపోయుంటేనో?" అంది అమ్మ. ఆ టెన్షన్ నాకూ వచ్చింది, కథ తెలిసినా సరే.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది రైల్వే స్టేషన్ సీను. కథలో హీరోయిన్ స్కార్లెట్, డాక్టర్ కోసం వెతుక్కుంటూ వస్తుంది. కెమెరా మెల్లగా పైకి లేస్తుంటే నేలంతా గాయపడ్డ సిపాయిలు. సినిమా క్రేన్లేవీ అంత ఎత్తు లేవవని కట్టడాల పనిలో వాడే క్రేన్ తెచ్చారు. అది ఊగకుండా కదలాలని కింద కాంక్రీటు దారి పోశారు. పడుకున్నవాళ్ళలో దాదాపు సగం బొమ్మలే. పక్కన పడుకున్న మనిషి, కెమెరాకి తెలియకుండా బొమ్మని కదిలించాలి. తన నొప్పి నటిస్తూ బొమ్మ నొప్పి కూడా తనే నటించాలన్నమాట. వాళ్ళెవరి పేర్లూ తెర మీద ఉండవు. అది తలచుకుంటేనే నాకు గుండె బరువెక్కింది.

ఈ సినిమా బానిసత్వాన్ని ముచ్చటైన పాత రోజుల్లా చూపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నేను అది ఒప్పుకోలేను. స్కార్లెట్‌ని పెంచిన బానిస మామీగా వేసిన హ్యాటీ మెక్‌డానియల్ సంగతి చెప్పేటప్పుడు నా గొంతే మారిపోయింది. 1939 డిసెంబర్ 15న అట్లాంటాలో ప్రీమియర్. జార్జియాలో నల్లవాళ్ళని వేరుగా ఉంచే చట్టాలు ఉండటంతో ఆవిడ అక్కడికి వెళ్ళలేకపోయారు. రెండు నెలలు తిరగగానే, 1940 ఫిబ్రవరి 29న, ఆవిడకి ఆస్కార్ వచ్చింది. నల్లజాతివారిలో ఆస్కార్ అందుకున్న మొదటి మనిషి. ఆ రాత్రి కూడా ఆవిడని తోటి నటులతో కాకుండా దూరంగా, గోడవారగా వేసిన చిన్న టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "సినిమా అంతా ఆ పిల్లని పెంచింది ఆవిడేగా? పక్కన కూర్చోనివ్వలేదా?" అంది.

రాత్రి గిన్నెలు కడిగాక ఆ స్టేషన్ సీను మళ్ళీ పెట్టమంది. కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుంది. "ఇదిగో, ఇది బొమ్మ. కాదు కాదు, ఆగు... వెనక్కి తిప్పు." నాలుగుసార్లు తిప్పాను. ఇద్దరం కలిసి చూసినా, ఏది బొమ్మో ఏది మనిషో పట్టుకోలేకపోయాం.