ముద్దపప్పు, పెట్టుడు గోళ్ళు

ఆషాఢం ఆదివారం. గోరింటాకు కనిపిస్తే తెమ్మని మా ఆయన్ని రైతుబజారుకి పంపితే గోంగూర తెచ్చారు. "ఏదో ఆకు అన్నావు కదా" అన్నారు. సరే, పచ్చడైనా అవుతుందని ఊరుకున్నాను.

చిన్నదానికి ఇదేమీ పట్టలేదు. తొమ్మిదో తరగతి. పొద్దున్నే హాల్లో చాప పరిచి దుకాణం పెట్టింది. పాత ప్లాస్టిక్ గాజులు, సిల్కు దారం రీళ్ళు, స్టోన్ చైన్, జిగురు. వాళ్ళ క్లాసులో ఇప్పుడు సిల్క్ థ్రెడ్ గాజుల సీజనట. దారాన్ని అట్టకి పాతిక చుట్లు చుట్టి ఒకచోట కోస్తే పాతిక పోగులు ఒక కట్టగా వస్తాయి. అవన్నీ పక్కపక్కనే పడుకునేలా బొటనవేలితో నొక్కుతూ గాజు చుట్టూ తిప్పాలి. ఒక్క పోగు మెలిపడినా అక్కడ మెరుపు పోతుంది. మెలిపడిన చోటల్లా విప్పి మళ్ళీ చుట్టింది, మూడుసార్లు. లెక్కలో మైనస్ గుర్తు మర్చిపోతే మాత్రం "అంతే కదమ్మా" అంటుంది ఇదే పిల్ల.

కత్తెర కోసం సొరుగు వెతుకుతుంటే పెద్దదాని లూమ్ బ్యాండ్ల డబ్బా దొరికింది. 2014లో ఇంట్లో ఎక్కడ కాలుపెట్టినా చేతికి బ్యాండ్లు అల్లుకునే ఆ రంగు రబ్బర్లే. అమెరికాలో ఒక ఇంజనీరు, కూతుళ్ళతో కలిసి బ్యాండ్లు అల్లబోతే లావు వేళ్ళకి కుదరక, చెక్కకి పిన్నులు గుచ్చి చిన్న మగ్గం చేశాడట. ఆ పిచ్చంతా అలా మొదలైంది. ఇవాళ ఒకటి సాగదీసి చూస్తే పుటుక్కున తెగింది.

మధ్యాహ్నం దీని స్నేహితురాలు పెట్టుడు గోళ్ళ ప్యాకెట్ పట్టుకొచ్చింది. లేత గులాబీ రంగు, చివర తెల్ల గీత. గమ్‌తో పదివేళ్ళకీ అంటించుకున్నారు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి వడ్డించాక తెలిసింది అసలు కష్టం. పప్పన్నం కలపబోతే మెతుకులన్నీ గోళ్ళ కిందికి పోయాయి. "అమ్మా, స్పూనివ్వవా?" ముద్దపప్పుకి స్పూనేంటి, నా మొహం! చివరికి పద్నాలుగేళ్ళ దానికి నేనే ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. వాళ్ళ నాన్న ఫోటో తీసి పెద్దదానికి పంపారు.

రేపు స్కూలు, ఊరుకోరు. సాయంత్రం పీకేయబోతుంటే ఆపాను. అలా లాగితే సొంత గోరు పైపొర కూడా వచ్చేస్తుంది. సబ్బు వేసిన గోరువెచ్చని నీళ్ళలో చేతులు నానబెట్టి, కాస్త నూనె రాస్తే మెల్లగా వదిలాయి.

గొడవ అంతా కోన్ దగ్గర వచ్చింది. ఫ్యాన్సీ షాపులో కొన్నదట, పది నిమిషాల్లో నల్లగా పండుతుందట. తీసుకుని చెత్తబుట్టలో పడేశాను. అసలు ఆకు ఎర్రగా పండుతుంది, అది కూడా మర్నాటికి ముదురుతుంది. పది నిమిషాల్లో నలుపంటే చాలాసార్లు జుట్టుకి వేసే రంగులోని పీపీడీ కలిపినట్టే. కిందటేడు మా చెల్లెలి కూతురికి డిజైన్ ఏ గీతల్లో వేశారో సరిగ్గా ఆ గీతల్లోనే బొబ్బలు తేలాయి. ఆ చెయ్యి గుర్తుచేసినా గంటసేపు మూతి ముడుచుకునే ఉంది.

పడుకోబోయే ముందు వచ్చి నా చేతికి ఒక గాజు ఎక్కించింది. నెమలిపింఛం రంగు, రేపు ఆఫీసుకి ఇదే వేసుకోవాలట. లోపలి అంచున జిగురు ఇంకా ఆరలేదు.