డెంగీ తర్వాత చిన్న గేరులో

డెంగీలో జ్వరం తగ్గాకే అసలు జాగ్రత్త మొదలవుతుందని నాకు ఆసుపత్రి మంచం మీదే తెలిసింది. ఒంటి వేడి దిగింది కదా, ఇంటికి వెళ్లిపోతానంటే డాక్టరుగారు ససేమిరా అన్నారు. ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరి, రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉందట. చూడవచ్చిన చుట్టాలందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడిగితే, ఆయన మాత్రం కడుపునొప్పి ఉందా, వాంతులవుతున్నాయా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా అని అడిగేవారు. నొప్పులకు పారాసెటమాల్ తప్ప మరేదీ వద్దన్నారు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇక బొప్పాయి ఆకు రసం విషయంలో మా పెద్దమ్మ పట్టుదల వేరే కథ.

ఇంటికి వచ్చాక పట్టుకుంది నీరసం. వానలకు ముందు అనంతగిరి గుట్టలు సైకిల్ మీద ఎక్కిన నాకు మూడో అంతస్తు మెట్లే ఆయాసం తెప్పించాయి. మంచాన పడ్డ మనిషిలో ముందుగా తగ్గేది రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా. దాంతో గుండె ఒక్కో స్పందనలో పంపే రక్తం తగ్గి, చిన్న పనికే దడదడలాడుతుంది. 1966లో డల్లాస్‌లో 20 ఏళ్ల ఆరోగ్యవంతులను ఐదుగురిని 3 వారాలు మంచం మీదే ఉంచి చూశారు. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, వయసు చేసిన నష్టం కంటే ఆ 3 వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. వాళ్లకు జ్వరమైనా లేదు!

కొన్నాళ్లకు డాక్టరుగారు సైకిల్‌కు సరేనన్నారు. షరతు ఒకటే: తొక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగితే వేగం తగ్గించాలి, గుండె దడ వస్తే దిగిపోవాలి. హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సౌర ఫలకల కప్పు ఉన్న సైకిల్ ట్రాక్‌ను ఎంచుకున్నాను. మొత్తం 23 కిలోమీటర్లు ఉన్నా నేను కొంతదూరం వెళ్లి వెనక్కి తిరిగేవాడిని. బస్సుల హారన్లు లేకుండా చిన్న గేరులో తొక్కడం ఈ నగరంలో మామూలు భోగం కాదు.

మా సైకిల్ గుంపులోని కుర్రాడొకడు పక్కనే వచ్చి, "అన్నా, ఇలా షికారు చేస్తే కాళ్లు కదులుతాయి గానీ ఫిట్‌నెస్ రాదు" అన్నాడు. వాడి విషయంలో ఆ మాట నిజమే. గంటల కొద్దీ కొండలెక్కే వాడికి నా షికారు విశ్రాంతి కింద లెక్క. నాకు మాత్రం అదే సాధన. ముందు ప్లాస్మా తిరిగి పెరిగింది, ఉదయం లేవగానే నాడి నెమ్మదించింది. తర్వాత అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకోసాగింది. కండరాల్లో సన్నని రక్తనాళాలు, ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడానికి మాత్రం వారాల తరబడి తొక్కాలి.

ఆ తర్వాత ఎదుగుదల ఆగింది. అదే దూరం, అదే తీరు. వాచీలో అంకెలు కదల్లేదు. శరీరం అలవాటుపడిన పనికి కొత్తగా మారదు. వృత్తి సైక్లిస్టులు కూడా సాధనలో ఎక్కువ సమయం తేలిగ్గానే తొక్కుతారని నేను కుర్రాడికి గొప్పగా చెప్పాను గానీ, వాళ్లు వారానికి 20 గంటల దాకా తొక్కుతారు. ఉద్యోగం చేసుకునే నాకు అన్ని గంటలు ఎక్కడివి?

అందుకే ముందు దూరం పెంచాను. రెండోసారి చూపించుకున్నప్పుడు డాక్టరుగారు ఎత్తులకూ ఒప్పుకున్నారు. ఇప్పుడు వారంలో ఒక ఉదయం జూబ్లీహిల్స్ చడావు ఎక్కుతున్నాను. కారులో వెళ్లేవాళ్లకు అది ఎత్తని కూడా తెలియదు. అక్కడ నాకు వాక్యం పూర్తికాదు, ఒక్కోసారి మాటే రాదు. మిగిలిన రోజులు మళ్లీ ట్రాక్ మీదే, చిన్న గేరులో. అనంతగిరికి మాత్రం చలికాలం దాకా ఆగమన్నారు.