అందరూ కమ్మరులే

నిన్న రాత్రి ఆన్‌లైన్ క్లాసులో పరిచయాలు జరుగుతుంటే, హంగేరీ అమ్మాయి ఒకామె తన ఇంటిపేరు కొవాచ్ అని చెప్పి, "అంటే కమ్మరి" అంది. అంతే, ఆ తర్వాత పాఠం నా బుర్రకెక్కలేదు. ఇంగ్లీషు స్మిత్ కమ్మరే, అరబ్బీ హద్దాద్ కమ్మరే. ఇటలీ ఫెరారీ కూడా! ఆ పేరు వింటే ఇన్నాళ్లూ ఎర్ర కారు కళ్లముందు మెదిలేది. ఇప్పుడు ఎర్రగా కాలిన ఇనుము, దాని మీద పడే సుత్తి దెబ్బ.

ఇంటిపేర్లు అనాదిగా ఉన్నాయనుకుంటాం గానీ, జపాన్‌లో అందరికీ తప్పనిసరి చేసింది 1875లో. టర్కీలో చట్టం వచ్చింది 1934లో. ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ చాలామందికి ఇంటిపేరే లేదు, తండ్రి పేరుకో తల్లి పేరుకో 'కొడుకు' అనో 'కూతురు' అనో చేర్చుకుంటారు.

ఊళ్ల పేర్లు ఇంకా మొండివి. మాంచెస్టర్, లాంకాస్టర్‌ల చివరి ముక్క రోమన్ సైన్యపు కోట. సైన్యం వెళ్లిపోయి పదహారు వందల ఏళ్లయినా మాట కదల్లేదు.

నన్ను మరీ కదిలించింది ఇంగ్లాండులోని ఏవన్ నది. అక్కడి పాత భాషలో ఆ మాటకు అర్థమే నది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పేరనుకుని, ముందు తమ మాట 'రివర్' కూడా తగిలించారు. అంటే 'నది నది'. పక్కనే వేల్స్‌లో మాత్రం ఇప్పటికీ ఏ నదినైనా 'ఆవన్' అనే అంటారు.