ఒంట్లో రాగి, ఇంట్లో వేళలు

ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధికి ఇచ్చే పెనిసిలమిన్ క్యాప్సూలును తిండికి గంట ముందు గాని, తిన్న రెండు గంటల తరువాత గాని వేసుకోవాలి. కడుపులో ఆహారం ఉంటే మందు ఒంటికి పట్టడం దాదాపు సగానికి తగ్గిపోతుంది. ఐరన్ మాత్రలు, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్లు కూడా దాని దరిదాపులకు రాకూడదు. కాగితం మీద ఇది రెండు ముక్కల నియమమే గాని, గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతి మనిషినీ "టిఫిన్ చేశారా, కాఫీ కలపమంటారా" అని పలకరించే గుంటూరు ఇంట్లో, రోజుకు మూడుసార్లు, బతికినంత కాలం దీన్ని పాటించాలంటే మందు వేసుకునే మనిషితో పాటు ఇంటిల్లిపాదీ తమ వేళలు మార్చుకోవలసి వస్తుంది. మా బ్రాడీపేట ఇంట్లో అదే జరిగింది.

తిండిలో వచ్చే రాగి శరీరానికి కొద్దిగా అవసరమే. మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపుతుంది. ఆ పని చేసే ప్రొటీన్‌కు సూచన ఇచ్చే ఏటీపీ7బీ అనే జన్యువు 13వ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన నకలూ, తండ్రి నుంచి వచ్చిన నకలూ రెండూ చెడిపోతే రాగి బయటికి పోక, ముందు కాలేయంలో, తరువాత మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. దాదాపు 30 వేల మందిలో ఒకరికి వస్తుందని చెప్పే ఈ వ్యాధిని 1912లో కినియర్ విల్సన్ అనే న్యూరాలజిస్టు వివరంగా వర్ణించాడు.

నాకు ఇంటర్ చదివే రోజుల్లో పచ్చకామెర్లు వచ్చాయి. ఊళ్లో పసరు పోయించారు, పథ్యం చేయించారు, కొన్ని వారాలకు కళ్లలో పసుపు విరిగింది, అందరం ఆ సంగతి మరిచిపోయాం. కామెర్లు వాటంతటవే తగ్గి ఉంటాయని డాక్టరు గారు తరువాత ఎంత చెప్పినా, అది పసరు మహిమేనన్న మాట మీద మా అమ్మమ్మ ఇప్పటికీ నిలబడే ఉంది. డిగ్రీకి వచ్చాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పిపెట్ కొనను ఫ్లాస్కు మూతిలో నిలకడగా ఉంచలేకపోయేదాన్ని. గాజు గాజుకు తగిలి టకటకమంటుంటే పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేవారు. గుండ్రంగా ఉండే నా చేతిరాత చిన్నదై, వంకరపోయి, చివరికి నాకే అర్థం కాకుండా పోయింది. ఆ తరువాత మాట ముద్దగా రావడం, నిద్రలో చొంగ కారి దిండు తడవడం, చిన్న విషయానికి పెద్దగా అరిచి వెంటనే ఏడవడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒక డాక్టరు నరాల బలహీనత అని బీ కాంప్లెక్స్ సూదులు వేయించారు. ఇంకొకరు పరీక్షల భయమని నిద్రమాత్రలు రాశారు. దిష్టి తీయించడం సరేసరి.

విజయవాడ సూర్యారావుపేటలో మేము చూపించుకున్న న్యూరాలజిస్టు నా చేతిని చూసే ముందే, "ఇదివరకు ఎప్పుడైనా కామెర్లు వచ్చాయామ్మా?" అని అడిగారు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. చేతి వణుకుకూ కాలేయానికీ సంబంధం ఏమిటో మాకు తోచలేదు. ఆయన ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పంపారు. స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం ఆనించి కూర్చుంటే, సన్నని వెలుతురు గీత కంటి మీద నెమ్మదిగా జరుగుతుండగా ఆ డాక్టరమ్మ గారు తన దగ్గర చదువుకుంటున్న ఇద్దరిని పిలిచి చూపించారు. నల్లగుడ్డు అంచు చుట్టూ, కార్నియా లోపలి పొరలో, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు వలయం ఉందట. కైజర్ ఫ్లైషర్ వలయం అనే ఈ రాగి మరకను మన ముదురురంగు కళ్లలో మామూలుగా చూసి కనిపెట్టడం కష్టం. నేను ఏళ్ల తరబడి రోజూ అద్దంలో చూసుకున్న కళ్లే అవి.

రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములకు పైగా ఉండాలి. నాది 10కి లోపే ఉంది. ఆ తరువాత 24 గంటల మూత్రం పట్టి అందులో రాగి ఎంతో చూడాలన్నారు. పొద్దున మొదటిసారి పోసినది వదిలేసి, అక్కడి నుంచి మరునాడు పొద్దున మొదటిది కలుపుకొని, చుక్క కూడా పోకుండా ల్యాబ్ వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి. మూడు వాటాల వాళ్లకు ఒకే బాత్‌రూమ్ ఉన్న ఇంట్లో అది ఎలా సాగిందో రాయడం అనవసరం. మా నాన్న ఆ డబ్బాను మిర్చి యార్డు సంచిలో పెట్టుకొని, విజయవాడ బస్సులో రెండు కాళ్ల మధ్య ఇరికించుకొని కూర్చుంటే, మంగళగిరిలో ఎక్కిన పెద్దాయన ఒకరు "గానుగ నూనా అండీ, కిలో ఎంత పడింది?" అని అడిగారట. నాన్న ఏం చెప్పారో ఇప్పటికీ మాకు చెప్పలేదు. 24 గంటల్లో 100 మైక్రోగ్రాములు దాటితే విల్సన్ వ్యాధిని గట్టిగా అనుమానించాలంటారు. నా లెక్క దానికి ఎన్నో రెట్లు వచ్చింది.

డాక్టరు గారు కాగితం మీద మా వంశం గీశారు. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు. మా అమ్మానాన్నల మధ్య మాత్రం జంట గీత గీశారు, ఎందుకంటే మా నాన్న మా అమ్మకు స్వయానా మేనమామ. మా అమ్మమ్మ మా నాన్నకు సొంత అక్క. నాన్నమ్మ దగ్గరో తాతయ్య దగ్గరో ఉన్న ఒకే ఒక చెడిన నకలు నేరుగా నాన్నకూ, అమ్మమ్మ ద్వారా అమ్మకూ చేరి, రెండు దారుల్లో వచ్చి నాలో కలిసింది. చెడిన నకలు ఒక్కటే ఉన్నవాళ్లకు, అంటే వాహకులకు, జబ్బు రాదు కాబట్టి వాళ్లెవరికీ ఏమీ కాలేదు. ఆ జంట గీత వైపు అమ్మ చాలాసేపు చూసింది గాని ఏమీ అనలేదు. మేనరికం మంచిదా చెడ్డదా అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఆ కాగితం ముందు కూర్చున్న వాళ్ల మొహాలు ఒకసారి చూడాలని నాకు అనిపిస్తుంది.

మందు రోజుకు 250 మిల్లీగ్రాములతో మొదలైంది. వారం వారం పెంచుకుంటూ పోవాలని, మొదటి వారాల్లో జ్వరం గాని దద్దుర్లు గాని వస్తే వెంటనే ఫోన్ చేయాలని, రక్తకణాల లెక్కా మూత్రంలో ప్రొటీనూ తరచూ చూపించుకోవాలని, ఈ మందు బీ6 విటమిన్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి ఆ మాత్ర కూడా రోజూ వేసుకోవాలని చెప్పారు. మెదడుకు పాకిన వాళ్లలో కొందరికి మందు మొదలుపెట్టాక ముందు జబ్బు ముదిరినట్టు కనిపిస్తుందని కూడా హెచ్చరించారు. నేను ఆ కొందరిలో ఒకదాన్ని అయ్యాను. చెరువు అడుగు కదిపితే నీళ్లు ముందు బురదెక్కినట్టు, కణజాలంలో దాగిన రాగి ఒక్కసారిగా కదిలి రక్తంలోకి వస్తుందని ఆయన వివరించారు. నాకు మాత్రం తెలిసినదల్లా, నెల తిరిగేసరికి మాట పూర్తిగా పడిపోయిందని, మంచినీళ్లు తాగినా పొలమారేదని, అమ్మ క్యాప్సూలును నాలుక వెనక పెట్టి, గడ్డం కిందికి వంచి, చెంచాతో నీళ్లు పోస్తే గాని మింగలేకపోయేదాన్నని. "నడిచి వెళ్లిన పిల్లను మంచాన పడేశారు, ఆ మందు ఆపెయ్యండి" అని అమ్మమ్మ గట్టిగా పట్టుబట్టింది. ఆమె కోపంలో తప్పేమీ లేదు. ఆమె కళ్లకు కనిపించినది అదే. డాక్టరు గారు మోతాదు తగ్గించి, చాలా నెమ్మదిగా మళ్లీ పెంచారు గాని, పూర్తిగా ఆపడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఈ మందు దొరకడం మరొక అధ్యాయం. ఒకసారి నెలకని తెచ్చిన మందు అయిపోతే నాన్న చీటీ పట్టుకొని కొత్తపేటలో ఆసుపత్రుల చుట్టూ ఉన్న మందుల షాపులన్నీ తిరిగారు. ఒక షాపులో కుర్రవాడు లోపలికి వెళ్లి పెన్సిలిన్ మాత్రలు తెచ్చి ముందు పెట్టాడు. నాన్న పెద్దగా చదువుకోలేదు గాని, మిర్చి యార్డులో తక్‌పట్టీలు, అంటే అమ్మకం లెక్కల చీటీలు, రాసే చెయ్యి కాబట్టి స్పెల్లింగు అక్షరం అక్షరం పోల్చి చూసి వెనక్కి ఇచ్చేశారు. రెండూ ఒకటి కావు గాని చుట్టాలే. పెన్సిలిన్ శరీరంలో విరిగినప్పుడు వచ్చే పదార్థమే పెనిసిలమిన్. అది రాగిని పట్టి మూత్రంలోకి ఈడ్చుకుపోతుందని గ్రహించిన బ్రిటిష్ వైద్యుడు జాన్ వాల్ష్, ముందు తానే మింగి చూసి, 1956లో విల్సన్ వ్యాధికి మందుగా ప్రకటించాడు. అంతకుముందు ఈ వ్యాధికి నోటితో వేసుకునే సరైన మందంటూ లేదు. పెనిసిలమిన్ పడనివాళ్లకు ట్రయెంటిన్ అనే మరో మందును తెచ్చినదీ ఆయనే. అమెరికాలో ఆ ట్రయెంటిన్ వంద క్యాప్సూళ్ల ధర 2010లో సుమారు 650 డాలర్లు ఉండగా 2015కల్లా 21 వేల డాలర్లు దాటిందని చదివినప్పుడు, కొత్తపేటలో తిరగడం పెద్ద కష్టం కాదనిపించింది. ఆ తరువాత నుంచి రెండు నెలల మందు ఎప్పుడూ ఇంట్లో ఉండేలా నాన్న చూసుకుంటున్నారు.

తిండి విషయంలో కాలేయం, పీతలు, జీడిపప్పు, నువ్వులు, పుట్టగొడుగులు, చాక్లెట్ మానమన్నారు. నువ్వుల పొడి లేని ఇడ్లీ తినడం మొదట్లో శిక్షలాగే ఉండేది. అన్నిటికన్నా గొడవ తెచ్చినది రాగి చెంబు. రాత్రి నీళ్లు పోసి ఉంచి పొద్దున పరగడుపున తాగితే సర్వరోగాలూ పోతాయని నమ్మి అమ్మమ్మ ఏళ్లుగా ఇంట్లో అందరి చేతా తాగించేది. నా జబ్బు ఆ నీళ్ల వల్ల రాలేదు; జన్యువు బాగున్నవాళ్లకు ఆ రాగి లెక్కలోకి రాదు. నాకు మాత్రం అది పనికిరాదు. చెంబూ బిందే అటక ఎక్కాయి. గుడిలో రాగి ఉద్ధరిణెతో పోసే తీర్థం సంగతేమిటని అమ్మమ్మ నిలదీసి అడిగించింది. డాక్టరు గారు నవ్వి, "ఉద్ధరిణెడు తీర్థానికి ఏమీ కాదని చెప్పండి, బిందెడు మాత్రం వద్దు" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన మా అమ్మమ్మ దృష్టిలో మంచి డాక్టరు అయిపోయారు.

కోలుకోవడం ఏ ఒక్క రోజునో జరగలేదు. నీళ్లు పొలమారకుండా దిగడం ముందు వచ్చింది. మాట చాలా నెలలకు, అదీ ఇంట్లోవాళ్లకు ముందుగా, ఫోన్‌లో అవతలివాళ్లకు చివరగా అర్థం కావడం మొదలైంది. చేతివణుకు తగ్గి, ఆపేసిన డిగ్రీ ముగించి, ఇప్పుడు ఒక బడిలో సైన్స్ చెబుతున్నాను. బోర్డు మీద నా అక్షరాలు పాతంత గుండ్రంగా లేవు, అలసిన రోజున కొంచెం వంకరపోతాయి కూడా. కంటి వలయం చూపించుకున్న ప్రతిసారీ పలచబడుతూ వచ్చింది. మందు మోతాదు తగ్గింది, పరీక్షలు ఆరు నెలలకోసారి అయ్యాయి, వేళలు మాత్రం మారలేదు. బడిలో మధ్యాహ్న భోజనానికి గంట ముందే క్యాప్సూలు వేసుకుంటాను. పెళ్లిళ్లలో వడ్డన ఎప్పుడు మొదలవుతుందో ముందే కనుక్కుంటాను.

అమ్మానాన్నలు ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది కాబట్టి, నా జబ్బు తేలిన వెంటనే తమ్ముడికి పరీక్షలు చేయించారు. వాడు బి.ఆర్. స్టేడియంలో రోజూ క్రికెట్ ఆడే మనిషి. కంట్లో వలయం లేదు, కాలేయం బాగుంది, కాని సెరులోప్లాస్మిన్ తక్కువ, జన్యు పరీక్షలో రెండు నకళ్లూ చెడినవే. లక్షణాలు రాకముందే తెలిసింది కనుక వాడికి జింక్ ఇచ్చారు. జింక్ పేగుల గోడలలో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది. తిండిలో వచ్చిన రాగిని అది పట్టి ఉంచుకోగా, కొద్దిరోజులకు ఆ కణాలు రాలి మలంతో పోతాయి. అమెరికాలో 1997లో జింక్ అసిటేట్‌ను ఈ జబ్బుకు ఆమోదించారు. "అక్కా, నాకు ఏ జబ్బూ లేదు కదా, నేనెందుకు మింగాలి?" అని వాడు అడిగితే, మంచాన పడి లేచిన నేను చెప్పగలిగిన జవాబు వాడికి చాలలేదు. ఖాళీ కడుపున జింక్ వేసుకుంటే వాడికి వికారం వచ్చేది. ఇంజనీరింగ్‌కు విజయవాడ హాస్టల్లో చేరాక అమ్మ ఫోన్ చేస్తే "వేసుకున్నానమ్మా" అనేవాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి ఒక దారి ఉంది: 24 గంటల మూత్రంలో రాగితో పాటు జింక్ కూడా కొలుస్తారు, మందు మానేసినవాడి మూత్రంలో అది అడుగంటుతుంది. ఒకసారి అలా దొరికిపోయాక, వికారం లేకుండా పొద్దున మోతాదును టిఫిన్‌కూ భోజనానికీ మధ్యకు జరపమని వాడే డాక్టరు గారిని అడిగి రాయించుకున్నాడు.

ఈ సంక్రాంతికి మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, తన కూతురిని వాడికిస్తానని వచ్చారు. వాడి నుంచి పుట్టే ప్రతి బిడ్డకూ ఒక చెడిన నకలు ఎలాగూ వస్తుంది; పిల్ల కూడా వాహకురాలైతే ప్రతి కాన్పులోనూ జబ్బు అవకాశం సగానికి సగం. మేనకోడలిని చేసుకున్న మా నాన్నే, పళ్లెం ముందు కూర్చున్న బావమరిదితో, "పిల్లది బంగారం. ముందు దాని రక్తం పరీక్షకు పంపించు, తరువాత ముహూర్తం మాట్లాడుకుందాం" అన్నారు. మామయ్య ఆ పూట సరిగా భోంచేయకుండానే తెనాలి వెళ్లిపోయారు. తరువాత మరదలే నాకు ఫోన్ చేసి, మా ఇంట్లో దొరికిన జన్యు మార్పు ఏమిటో రిపోర్టు పంపమని అడిగింది. అదేమిటో ముందే తెలిస్తే ల్యాబ్ వాళ్లు జన్యువంతా వెతక్కుండా ఆ ఒక్క చోటే చూస్తారు. ఆ రాత్రే ఫోటో తీసి పంపాను.